ఆర్గాన్ శబ్దంతో వినికిడి విద్య: నొటేషన్ లేకుండా కీబోర్డు వాయించడం ఎలా

హార్మోనియం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఎలక్ట్రానిక్ కీబోర్డు కొత్త వాద్యమేమీ కాదు. మెట్లు అవే, శ్రుతి లెక్క అదే. తిత్తులు మాత్రం లేవు. నేను చాలా ఏళ్లుగా ఆదివారాలు చర్చిలో, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే అక్కడ కీబోర్డు వాయిస్తున్నాను. పాశ్చాత్య నొటేషన్ చదవడం నాకు ఇప్పటికీ రాదు. నాతో వాయించేవాళ్లలో చాలామందికీ రాదు. పాట వినడం, స ఎక్కడుందో పట్టుకోవడం, వాయించడం: ఇంతే మా విద్య.

వినికిడితో నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటి ఉంది. పియానో శబ్దాన్ని పక్కన పెట్టి ఆర్గాన్ శబ్దం పెట్టుకోండి. పియానో స్వరం నొక్కిన క్షణం నుంచే సన్నగిల్లడం మొదలుపెడుతుంది. తప్పు మెట్టు నొక్కినా కొన్ని సెకన్లలో అది కరిగిపోతుంది, మీ చెవి దాన్ని క్షమించేస్తుంది. ఆర్గాన్ అలా కాదు. వేలు తీసేదాకా స్వరం అదే బలంతో నిలబడుతుంది; తప్పయితే తీసేదాకా గుచ్చుతూనే ఉంటుంది. గాయకులకు తంబూర చేసే మేలు ఇదే. నిలిచి ఉన్న స్వరం పక్కన పెట్టి చూసుకుంటేనే మన స్వరం నిజం తెలుస్తుంది.

మొదటి అడుగు: వాద్యం ఎంచుకోవడం

61 మెట్ల కీబోర్డు చాలు. ఆర్గాన్ వాయించడానికి పియానో లాంటి బరువైన మెట్లు అవసరం లేదు, పైగా అడ్డం కూడా. ఆర్గాన్‌లో అరచేతితో మెట్ల మీద జారడం ఒక అలవాటు; బరువు మెట్ల మీద అలా జారితే చెయ్యి కమిలిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి యమహా పిఎస్ఆర్ వరుస, అందులో భారతీయ తాళాలు, వాద్య శబ్దాలు నింపిన ‘ఐ’ రకాలు, రోలాండ్ ఎక్స్‌పిఎస్-10 లాంటివి. వీటిలో ఆర్గాన్ శబ్దాలు రికార్డు చేసి పెట్టినవి. మొదలుపెట్టడానికి అవి సరిపోతాయి. ఆర్గాన్ మీదే మనసుంటే, డ్రాబార్లు (శబ్దాన్ని అమర్చుకునే పట్టీలు, రెండో అడుగులో చెబుతాను) ఉన్న యమహా వైసి61, రోలాండ్ విఆర్-09 వంటివి వెతకండి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఖర్చు లేని దారి కూడా ఉంది: సెట్‌బిఫ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ హామండ్ అనే పాత విద్యుత్ ఆర్గాన్‌ను చక్కగా అనుకరిస్తుంది. కీబోర్డును యుఎస్‌బి తీగతో కలిపితే చాలు. అయితే మెట్టు నొక్కడానికీ శబ్దం రావడానికీ మధ్య ఆలస్యం చెవికి తెలుస్తుంటే, ముందు ఆడియో సెట్టింగుల్లో దాన్ని తగ్గించుకోవాలి. ఆ ఆలస్యంతో సాధన చేస్తే తాళం చెడిపోతుంది.

కొనేముందు దుకాణంలో మూడు పనులు చేయండి. ఆర్గాన్ శబ్దం పెట్టి రెండు చేతులతో ఎనిమిది మెట్లు నొక్కి పట్టుకోండి. ఏ స్వరమూ మధ్యలో రాలిపోకూడదు. తరువాత ఒకే మెట్టును మెల్లగా, గట్టిగా నొక్కి చూడండి. అసలైన ఆర్గాన్‌లో రెండిటికీ శబ్దం ఒకటే. తేడా వస్తే ‘టచ్’ సెట్టింగును ఆపేసే వీలుందో లేదో అడగండి. చివరగా వాద్యాన్ని తిప్పి వెనుక చూడండి. ఇయర్‌ఫోను రంధ్రం కాక విడిగా అవుట్‌పుట్లు ఉన్నాయా? పెడల్ రంధ్రం మెట్టు వదిలినా స్వరాన్ని నిలిపే సస్టెయిన్‌కు మాత్రమేనా, పాదంతో శబ్దం పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కు కూడానా? ఆర్గాన్ వాయించేవాళ్లకు ఈ రెండోదే ప్రాణం. మెట్టు ఎంత గట్టిగా నొక్కినా ఫలితం లేని వాద్యంలో భావమంతా పాదం నుంచే రావాలి.

అడాప్టర్ గురించి ఒక హెచ్చరిక. నా మొదటి కీబోర్డుకు ఒక దుకాణంలో ‘ఏదైనా ఒకటే’ అంటూ వేరే అడాప్టర్ అంటగట్టారు. వోల్టేజీ సరిపోయింది, ధ్రువాలు తిరగబడ్డాయి. పొగ రాలేదు కానీ వాద్యం నెల రోజులు మరమ్మతులో ఉంది. వోల్టు, ఆంపియర్, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా: మూడూ వాద్యం వెనుక ముద్రించిన గుర్తుతో కలిస్తేనే తగిలించండి.

రెండో అడుగు: డ్రాబార్లను స్వరాలుగా చదవడం

అమెరికాలో లారెన్స్ హామండ్ అనే ఆయన 1935లో విద్యుత్ ఆర్గాన్‌ను మార్కెట్లోకి తెచ్చారు. ఆయన గడియారాల తయారీ నుంచి వచ్చిన మనిషి. పైపుల ఆర్గాన్ కొనలేని చర్చిలకు చౌకలో ప్రత్యామ్నాయంగా దాన్ని అమ్మారు. లోపల పళ్లున్న చక్రాలు తిరుగుతుంటాయి. ఒక్కో చక్రం అయస్కాంతం పక్కగా తిరుగుతూ ఒక్కో స్వరాన్ని పుట్టిస్తుంది. ప్రసిద్ధమైన బి-3 రకంలో అలాంటి చక్రాలు 91. చక్రాల వేగం కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉంటుంది. అమెరికా 60 హెర్ట్జ్ వాద్యాన్ని మన 50 హెర్ట్జ్ కరెంటుకు నేరుగా తగిలిస్తే శ్రుతి మూడు మెట్లకు పైగా కిందికి జారిపోతుంది!

డ్రాబార్లంటే ముందుకు లాగే తొమ్మిది చిన్న పట్టీలు. ఒక్కోదాన్ని 0 నుంచి 8 దాకా లాగవచ్చు. వాటి మీద 16, 5⅓, 8, 4, 2⅔, 2, 1⅗, 1⅓, 1 అని రాసి ఉంటుంది. ఇవి పైపుల ఆర్గాన్ నుంచి వచ్చిన లెక్క: పైపుల పొడవులు, అడుగుల్లో. ఈ అంకెలు చూసి చాలామంది బెదిరిపోతారు. వాటిని స్వరాలుగా మార్చుకుంటే భయం పోతుంది.

మీరు స నొక్కారనుకోండి. మూడో పట్టీ, అంటే 8, ఆ స నే ఇస్తుంది. మొదటిది మంద్ర స. రెండోది మీరు నొక్కిన స కు పైన ఉన్న ప. నాలుగోది తార స, ఐదోది దాని పైన ప, ఆరోది ఇంకా పై స. ఏడోది దాని పైన గాంధారం, ఎనిమిదోది ప, తొమ్మిదోది అన్నిటికన్నా పై స. వరుసగా చదవండి: స, ప, స, స, ప, స, గ, ప, స.

ఇది తంబూరే. బాగా శ్రుతి చేసిన తంబూరలో ఎవరూ మీటని అంతర గాంధారం వినిపిస్తుందని సంగీతం నేర్చుకున్నవాళ్లు చెబుతారు. ఆ గాంధారమే ఇక్కడ ఏడో పట్టీ. తేడా చిన్నదే. తంబూర గాంధారం ప్రకృతి సిద్ధమైనది. హామండ్ తన చక్రాలను మిగతా స్వరాలతో పంచుకుంటుంది కనుక దాని గాంధారం ఒక మెట్టులో దాదాపు ఏడో వంతు ఎత్తులో ఉంటుంది. ఏడో పట్టీని పూర్తిగా లాగినప్పుడు వచ్చే ఆ పులుపు కొంతవరకు దీనివల్లే.

ఆచరణలో మూడు అమరికలు చాలు. పాట వెతికేటప్పుడు మూడో పట్టీ మాత్రమే 8కి లాగండి, మిగతావి సున్నా. వేణువు లాంటి శుద్ధమైన స్వరం వస్తుంది, చెవిని తికమక పెట్టదు. అందరూ కలిసి పాడేటప్పుడు మొదటి మూడూ పూర్తిగా లాగండి. నిండుగా, గరుకుగా ఉంటుంది. ప్రార్థన వెనుక మెత్తగా నిలపాలంటే మొదటిది 8, మూడోది 6, నాలుగోది 3 దగ్గర పెట్టి పాదంతో తగ్గించుకోండి. తొమ్మిది పట్టీలకు సాధ్యమైన అమరికలు 38 కోట్లకు పైనే. వాటి వెంట పడితే సాధన సాగదు.

డ్రాబార్లు లేని కీబోర్డులో ఇదే పని రెండు శబ్దాలను కలిపి చేయవచ్చు. ఒక ఆర్గాన్ శబ్దం మామూలు స్థాయిలో, రెండోది ఒక స్థాయి పైన తక్కువ బలంతో పెట్టండి. అదే మీ మూడో, నాలుగో పట్టీ.

మూడో అడుగు: తిరిగే స్పీకరు

హామండ్ శబ్దంలో సగం డాన్ లెస్లీ తయారుచేసిన స్పీకరుది. పెట్టెలో పైన ఒక కొమ్ము, కింద ఒక డ్రమ్ము గుండ్రంగా తిరుగుతుంటాయి. రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు, దూరమయ్యేటప్పుడు శ్రుతి మారినట్టే ఇక్కడా స్వరం అలలా కదులుతుంది. నెమ్మదిగా తిప్పితే కొమ్ము నిమిషానికి దాదాపు 50 చుట్లు, వేగంగా తిప్పితే 400 చుట్ల ప్రాంతంలో తిరుగుతుంది. మీ కీబోర్డులో ‘రోటరీ’ అనే మీట దీనికోసమే.

వేగంలోనే పాటంతా వాయించడం కొత్తవాళ్ల లక్షణం. పాట నెమ్మదిలో నడపండి. చరణం చివర, గాయకులు ఊపిరి తీసుకునే చోట, చేతిలో కార్డ్ (కలిపి నొక్కిన స్వరాల గుంపు) నిలిచి ఉండగా వేగానికి మార్చండి. అసలు అందం ఆ మార్పులోనే ఉంది: తేలికైన కొమ్ము వెంటనే వేగం అందుకుంటుంది, బరువైన డ్రమ్ము కొన్ని సెకన్లు వెనకబడుతుంది. తరువాతి పంక్తి మొదలయ్యేలోగా మళ్లీ నెమ్మదికి రండి.

సస్టెయిన్ పెడల్ సంగతి. ఆర్గాన్‌లో దాన్ని వాడకండి, అంతే. కార్డులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని గోల అవుతుంది. స్వరాల మధ్య సందు రాకుండా ఉండాలంటే ఒక వేలు మెట్టు మీద ఉండగానే అదే మెట్టు మీదకు ఇంకో వేలిని తెచ్చి, మొదటిదాన్ని విడిపించుకోవాలి. మొదట్లో వేళ్లు మెలికపడతాయి. రోజూ పది నిమిషాలు చేస్తే మూడు వారాల్లో దారికి వస్తాయి.

నాలుగో అడుగు: స ని పట్టుకోవడం

పాటను కళ్లు మూసుకుని ఒక చరణం వినండి. ఎక్కడ ఆగితే పాట ఇంటికి చేరినట్టు అనిపిస్తుందో ఆ స్వరాన్ని నోటితో నిలపండి. అది స. చాలా పాటల్లో పల్లవి చివరి స్వరం అదే అవుతుంది; పాట మొదటి స్వరం స అని నమ్మకండి, చాలాసార్లు అది ప గానీ గ గానీ అవుతుంది.

నోటిలో స ఉండగానే కీబోర్డు మీద ఏదో ఒక మెట్టు నొక్కి, నల్లవీ తెల్లవీ వదలకుండా ఒక్కొక్కటే పక్కకు జరగండి. దగ్గరకు వస్తున్నప్పుడు రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. కలిసినప్పుడు మీ గొంతు మెట్టులో మునిగిపోతుంది. ఆ మునిగిపోవడాన్ని గుర్తుపట్టడమే వినికిడి విద్యలో సగం. నోరు మూసుకుని వేళ్లతో మాత్రమే వెతికేవాళ్లు ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉంటారు. ముందు నోరు, తరువాత వేలు.

మన శ్రుతి లెక్క ఇక్కడ అక్కరకు వస్తుంది. సి మెట్టు ఒకటో శ్రుతి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. నల్ల మెట్లు అరలు: జి పక్కన ఉన్న నల్ల మెట్టు ఐదున్నర. స్త్రీ గొంతు చాలాసార్లు ఐదు, ఐదున్నర ప్రాంతంలో, పురుషుల గొంతు ఒకటి, ఒకటిన్నర ప్రాంతంలో హాయిగా ఉంటుంది. వెతకడం అక్కడి నుంచి మొదలుపెడితే సమయం కలిసివస్తుంది.

మాకు ఆదివారం ఎదురయ్యే పరీక్ష వేరు. పెద్దాయన ఎవరో శ్రుతి అడగకుండా పాట ఎత్తుకుంటారు. నాలుగు సెకన్లలో పట్టుకోవాలి, వెతుకుతున్నట్టు ఎవరికీ వినిపించకూడదు. ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ను దాదాపు పూర్తిగా తగ్గించి, మీకు మాత్రమే వినిపించేంత శబ్దంతో వెతకండి. దొరికాక స, ప రెండే నొక్కి పాదంతో మెల్లగా పైకి తెండి. వినేవాళ్లు అదంతా ముందే అనుకున్నదనుకుంటారు.

ఐదో అడుగు: మేజరా, మైనరా, మరొకటా

స ని వదిలి, దాని పక్క మెట్టు నుంచి నల్లవీ తెల్లవీ లెక్కపెడుతూ పైకి వెళితే నాలుగో మెట్టు అంతర గాంధారం, మూడో మెట్టు సాధారణ గాంధారం. పాటలోని గ ఏదో తేల్చుకుంటే మేజరో మైనరో తెలిసినట్టే. మేజర్ స్కేలు మన శంకరాభరణం, మైనర్ మన నటభైరవి. మేజర్‌లో ని మాత్రం ఒక మెట్టు దిగి ఉంటే హరికాంభోజి. మ, ని రెండూ లేకుండా పాట హాయిగా సాగుతుంటే మోహనం అయి ఉండవచ్చు. పాత తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకాల్లో పాట పైన రాగం, తాళం పేర్లు ముద్రించి ఉంటాయి. నేను చాలాకాలం వాటిని అలంకారం అనుకుని దాటేశాను. నొటేషన్ రానివాళ్లకు అంతకన్నా మంచి సూచన ఏముంటుంది?

మాయామాళవగౌళ వంటి రాగాల్లో ఉన్న పాటకు కార్డులు బలవంతంగా అంటించకండి. ఎడమ చేత్తో స, ప నిలపండి, కుడి చేత్తో గొంతును అనుసరించండి. గమకాలు మెట్ల మీద రావు. పక్క స్వరం నుంచి చిన్న జారు ఇచ్చి వదిలేయడం మర్యాద.

ఆరో అడుగు: కార్డులు, కింది నుంచి పైకి

అసలు కష్టం ఇక్కడే, కాబట్టి నిదానంగా వెళదాం. మేజర్ పాటల్లో చాలావాటికి మూడు కార్డులు చాలు: స మీద నిలిచేది (స గ ప), మ మీద నిలిచేది (మ ద స), ప మీద నిలిచేది (ప ని రి). నాలుగోది ద మీద పుట్టే మైనర్ (ద స గ). ఈ నాలుగూ చేతిలో ఉంటే ఆదివారం ఆరాధన, భజన, పెళ్లి పాటలు సింహభాగం వాయించగలరు.

ఏ కార్డ్ ఎక్కడ అని ఎలా తెలుస్తుంది? పంక్తిలో గాయకులు సాగదీసిన స్వరాన్ని పట్టుకోండి. అది స అయితే ఆ స్వరం ఉన్న కార్డులు మూడు: స ది, మ ది, ద ది. మూడింటినీ ఆ సాగిన స్వరం కింద ఒక్కొక్కటిగా నిలిపి వినండి. ఆర్గాన్ శబ్దం కనుక కార్డ్ ఆరిపోదు, మీకు ఆలోచించే వ్యవధి ఉంటుంది. సాగిన స్వరం రి అయితే ఈ నాలుగింటిలో ఒక్కటే మిగులుతుంది: ప ది. అది ప అయితే స ది, ప ది రెండూ ఒప్పుకుంటాయి. పంక్తి ఇంకా వేచి ఉన్నట్టు ఉంటే ప ది, చేరుకున్నట్టు ఉంటే స ది.

రికార్డింగు నుంచి నేర్చుకుంటుంటే ఇయర్‌ఫోనులో బేస్ గిటార్ ఒక్కటే వినే ప్రయత్నం చేయండి. కార్డ్ మారిన ప్రతిసారీ బేస్ సాధారణంగా దాని పునాది స్వరం మీదకు దూకుతుంది. బేస్ దొరికితే కార్డ్ పేరు దొరికినట్టే. యూట్యూబ్‌లో వేగాన్ని 0.75కి తగ్గించినా శ్రుతి మారదు. ఫోను చిన్న స్పీకరులో మాత్రం బేస్ అసలు వినిపించదు, దాంతో కుస్తీ పట్టకండి.

కార్డ్ మార్చేటప్పుడు చేతిని ఎగరేయకండి. కుడి చేతిలో ప స గ పట్టుకోండి. మ కార్డ్‌కు స ని కదపకుండా, ప ని ద కు, గ ని మ కు జరపండి: ద స మ. తిరిగి ప కార్డ్‌కు ప ని రి. చెయ్యి అంగుళం కూడా జరగలేదు, మూడు కార్డులూ వచ్చేశాయి. ఆర్గాన్ నిండుదనం ఈ కదలని వేళ్ల వల్లే వస్తుంది. పునాది స్వరాన్ని ఎడమ చిటికెన వేలు ఒక్కటే చూసుకుంటుంది. ఎడమ చేత్తో కింది స్థాయిలో మూడేసి స్వరాలు కలిపి నొక్కితే బురదలా ఉంటుంది.

వేళ్లు అవే మెట్ల మీద ఉండగా శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ మీట గురించి వాదాలు వింటుంటాను. నాకు దాని మీద చిన్నచూపు లేదు. హార్మోనియం వాళ్లలోనూ మెట్లు జరిపే ఏర్పాటున్న పెట్టెను ఇష్టపడేవాళ్లు ఉన్నారు. కాకపోతే పాట మధ్యలో దాన్ని ముట్టుకోకండి, పాట అయిపోగానే సున్నాకు తేవడం మరవకండి. +3లో వదిలేసి తరువాతి పాట ఎత్తుకున్న అనుభవం ప్రతి కీబోర్డు వాద్యకారుడికీ ఒకటుంటుంది. కనీసం సి, డి, జి, ఎ శ్రుతుల్లో మీట లేకుండా ఈ నాలుగు కార్డులు పట్టగలిగితే దానికి బానిస కాకుండా ఉంటారు.

ఏడో అడుగు: సభలో వాయించడం

కీబోర్డు అవుట్‌పుట్లలో ఎడమ దాని మీద ‘మోనో’ అని కూడా రాసి ఉంటే, సభలో ఒకే తీగ ఇస్తున్నప్పుడు అందులోనే పెట్టండి. కుడిదానిలో పెడితే తిరిగే స్పీకరు శబ్దంలో సగమే బయటకు వెళుతుంది. మిక్సర్ దూరంగా ఉంటే మామూలు తీగను సాగదీయకుండా డిఐ బాక్స్ (శబ్దాన్ని గొణుగుడు లేకుండా దూరం పంపే చిన్న పెట్టె) అడగండి. లేకపోతే ‘గుయ్’మనే గొణుగుడు తప్పదు. కీబోర్డు శబ్దాన్ని మూడొంతులు పెంచి ఉంచి మిగతాది మిక్సర్ వాళ్లకు వదిలేయండి. పూర్తిగా పెంచితే మీ పాదానికి చోటుండదు, తగ్గించి పెడితే వాళ్లు పెంచి గరగరను కూడా పెంచుతారు.

గొంతు పాడుతున్న స్వరాలనే కుడి చేత్తో మళ్లీ వాయించడం హార్మోనియం నుంచి వచ్చిన అలవాటు. పాడేవాళ్లు తడబడుతుంటే అది ఆసరా. పాట తెలిసిన సభలో మాత్రం కార్డ్ నిలిపి ఊరుకోండి, పంక్తికీ పంక్తికీ మధ్య ఉన్న ఖాళీలోనే రెండు మూడు స్వరాలు పలకండి. ఖాళీ లేకపోతే పలకవద్దు.

ఫోనును కీబోర్డు పక్కన కాకుండా సభ చివరి వరుసలో ఎవరికైనా ఇచ్చి ఒక పాట రికార్డు చేయించండి. అదే రోజు వినకండి, మర్నాడు వినండి. మొదటిసారి నేనలా విన్నప్పుడు గాయకుల మాటలు ఒక్కటీ వినిపించలేదు, నా ఆర్గాన్ ఒక్కటే వినిపించింది. ఆ వారం నుంచి మొదటి పట్టీని 8 నుంచి 5కి దించాను.